తాళ్ళపాక పెదతిరుమలాచార్యులు

తిరుమల యాత్రికులలో అన్నమాచార్యుల పేరు వినని వారుండరు. ఆ మహనీయుని సంకీర్తనలను కాలగర్భంలో కలియనీయక కాపాడిన కుమారుడు పెదతిరుమలాచార్యులను ఎరిగినవారు మాత్రం కొద్దిమందే.

అన్నమాచార్యులు (1408–1503) అవసానకాలంలో కుమారుని చేరబిలిచి, దినానికొక సంకీర్తనకు తక్కువ కాకుండ స్వామికి సమర్పింపుమని ఆదేశించినట్లు ప్రసిద్ధి. ఆ పితృవాక్యమే తిరుమలాచార్యులకు జీవితవ్రతమైనది. అధ్యాత్మ శృంగార సంకీర్తనలే గాక శ్రీవేంకటేశ్వర వచనములు, సుదర్శన రగడ, చక్రవాళమంజరి, నీతిసీస శతకము మొదలైనవి రచించారు. భగవద్గీతను తెనుగు వచనంలో వెలయించి, సంస్కృతమెరుగని గృహస్థులకు సైతం గీతార్థాన్ని అందించారు.

అన్నింటికంటె మహోపకారం మరొకటి. తాటియాకు చెదలకు, తేమకు లోనయ్యేది. కంఠస్థమైన పాట కంఠంతోనే అంతరించేది. తిరుమలాచార్యులు తండ్రి సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించారు. తాళ్ళపాక వారి రేకులు శ్రీవారి ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో శతాబ్దాలు నిలిచి, ఇరవయ్యవ శతాబ్దిలో వెలుగు చూచాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి ప్రభృతుల పరిష్కరణ కృషితో అవి గ్రంథరూపం దాల్చాయి.

తిరుమలాచార్యుల కుమారుడు చినతిరుమలాచార్యులు కూడ సంకీర్తనకర్తయే. తాతగారి సంస్కృత సంకీర్తన లక్షణాన్ని ఆయన తెలుగు పద్యాలలో వెలయించారు. ఇట్లు మూడు తరాలు ఒకే స్వామిని పాడుకొన్నాయి.

తండ్రి కీర్తి వెలుగులో కుమారుని పేరు మరుగుపడినది. అయినను నేడు ఇంటింట అన్నమయ్య పదం వినిపించినపుడెల్ల, తన పేరుకంటె తండ్రి పాట నిలవాలని తలచిన ఆ పుత్రుని కైంకర్యం కూడ అందులో పలుకుతూనే ఉంటుంది.