గడప నుంచి లెక్క

గద్వాల,
ఆదివారం పొద్దుగాల

చిరంజీవి మనవరాలికి తాత ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. అవ్వకి మోకాలి నొప్పి తప్ప వేరే బాధ లేదు. అదీ మెట్లెక్కేటప్పుడే వస్తుంది, ముచ్చట్లకి పక్కింటికి పోయేటప్పుడు రాదు.

బెంగళూరులో ఉద్యోగానికి విమానంలో పోతానని నువ్వు, రైల్లో పొమ్మని మీ నాన్న వారం రోజులుగా వాదులాడుకుని చివరికి తీర్పు నా నెత్తిన పెట్టారు. ఫోన్‌లో చెబితే మీ నాన్న మధ్యలో అందుకుంటాడు. ఉత్తరానికి ఆ భయం లేదు, అందుకే కాగితం పట్టుకున్నాను.

"విమానమైతే గంటంబావు తాతా, రైలైతే రాత్రంతా" అన్నావు. ముప్పై ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పినవాణ్ణి కదా, నాకు నీ జవాబు కన్నా నువ్వు లెక్క మొదలుపెట్టిన చోటు మీదనే అనుమానం. విమానం శంషాబాదులో లేస్తుంది. నువ్వు నాగర్‌కర్నూలులో లేస్తావు. మీ ఇంటి గడప దాటి, బస్టాండులో నిలబడి, శంషాబాదు చేరేసరికి మూడు గంటలు పెట్టుకో. రెండు గంటల ముందే అక్కడ ఉండాలంటారు. గాల్లో నువ్వు చెప్పిన గంటంబావు. దిగి పెట్టె చేతికొచ్చేదాకా అరగంట. దేవనహళ్ళి నుంచి బెంగళూరు ఊళ్ళోకి ఇంకో గంటన్నర, వాన పడితే ఆపైన దేవుడి దయ. ఎనిమిది గంటలు దాటిందా లేదా? ఈ ఎనిమిదీ కళ్ళు తెరుచుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని గడపాల్సినవే.

ఇందులో ఒక చమత్కారం ఉంది. హైదరాబాదు విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాదుకి 2008 మార్చిలో మారింది. అదే ఏడు మే నెలలో బెంగళూరుదీ ఊరు విడిచి దేవనహళ్ళికి పోయింది. రెండు ఊళ్ళూ ఒకే ఏడాది విమానాల్ని ఊరి బయటికి పంపించాయి. అయితే హైదరాబాదుది మన పాలమూరు దిక్కుకే జరిగింది. బేగంపేట రోజుల్లో పట్నమంతా అడ్డంగా దాటాల్సి వచ్చేది, ఇప్పుడు పట్నం మొహం చూడకుండానే విమానం ఎక్కొచ్చు. గద్వాల నుంచి కాచిగూడకు పోయే రైలు ఉందానగర్ దగ్గర శంషాబాదును తాకుతూనే పోతుంది కూడా. కాబట్టి విమానం మనకి దూరమని అనను. నీ గంటంబావు మాత్రం ఒప్పుకోను.

ఇక రైలు సంగతి. దీన్నీ గడప నుంచే లెక్కపెట్టాలి కదా! అక్కడే మీ నాన్న వాదం కుంటుతుంది. మీ జిల్లా కేంద్రానికి రైలు పట్టానే లేదు. గద్వాల నుంచి వనపర్తి, నాగర్‌కర్నూలు, అచ్చంపేట, దేవరకొండల మీదుగా మాచర్లకి లైను వేయమని అడగడం నా తరం అంతా చూసింది. సర్వేలంటూ గొలుసులు పట్టుకుని తిరిగారు. పట్టా పడలేదు. 2016 అక్టోబరులో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడూ ఒకే రోజు జిల్లా కేంద్రాలయ్యాయి. మూడింట్లో ఇంటి నుంచి రిక్షా ఎక్కి రైలు అందుకునే భాగ్యం గద్వాల వాళ్ళకే.

వనపర్తికి స్టేషన్ ఉంది కదా అంటావేమో. ఆ కథ నా ఒంటికి తెలుసు. నేను చదువుకి వనపర్తి పోయిన మొదటిరోజు మా నాయన నన్ను గద్వాలలో రైలెక్కించి, వనపర్తి రోడ్డులో దిగమన్నాడు. రోడ్డు అంటే స్టేషన్ ముందరి రోడ్డనుకున్నాను. దిగితే మదనాపురం పొలాలు, వేపచెట్టు, రైలు వెళ్ళిపోయాక మిగిలిన నిశ్శబ్దం. ఊరెక్కడని అడిగితే పోర్టరు తూర్పుకి చెయ్యి చూపించాడు. పదిహేను కిలోమీటర్ల పైమాటే. రైల్వే భాషలో పేరు చివర 'రోడ్డు' ఉందంటే, ఆ ఊరికి పోయే రోడ్డు ఇక్కడ మొదలవుతుందని అర్థం, ఊరు ఇక్కడుందని కాదు. మన దగ్గరే ఆలంపూర్ రోడ్డు కూడా అదే బాపతు. బియ్యం బస్తాలు వేసుకుని పోతున్న ఎడ్లబండిలో కూర్చుని నేను వనపర్తి చేరేసరికి దీపాలు పెట్టారు. ఆ రోజు నుంచే నాకు గడప లెక్క పట్టుబడింది. పాఠాల్లో తర్వాత ఎన్ని 'రెండు రైళ్ళు ఎదురెదురుగా' లెక్కలు చెప్పినా, ఆ బండిదారి ఏ లెక్కలోనూ లేదేమని మనసులో అనుకునేవాణ్ణి.

అప్పటివి మీటర్ గేజీ రైళ్ళు. నిజాం కాలంలో వేసిన సన్న పట్టాలు, బొగ్గు ఇంజను. కిటికీ దగ్గర కూర్చుంటే కంట్లో నలక పడాల్సిందే. తెల్ల చొక్కా వేసుకుని ఎక్కినవాడు బూడిద చొక్కాతో దిగేవాడు. తొంభైల్లో బ్రాడ్‌గేజీ పడ్డాకనే పెద్ద రైళ్ళు మన ఊరి ముందర నుంచి పోవడం మొదలైంది. 2013లో రాయచూరుకి లైను తెరిచారు, దాంతో ముంబై–చెన్నై మెయిన్ లైను మనకి చేతికందింది. పట్నం నుంచి మహబూబ్‌నగర్ దాకా రెండో లైను 2023కి పూర్తయింది. ఇవతలికొస్తే ఎదురు రైలుకి దారివ్వడానికి ఏ చిన్న స్టేషన్‌లోనో నిలబడటం మన రైళ్ళకి అలవాటు. నిలబడ్డప్పుడల్లా బోగీలో ఒకాయన లేచి తలుపు దగ్గరికి పోయి, "క్రాసింగు" అని ప్రకటించి వచ్చి కూర్చుంటాడు. ఆ ఆయన ప్రతి రైల్లోనూ ఉంటాడు, ఎక్కడ ఎక్కుతాడో తెలియదు.

మీ నాన్న మెచ్చుకునే వందేభారత్ సంగతి కూడా చెప్పాలి. 2023 సెప్టెంబరులో కాచిగూడ నుంచి యశ్వంత్‌పూర్‌కి మొదలైనప్పుడు ఆగే స్టేషన్లు మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం, ధర్మవరం. గద్వాల లేదు. మొదటి వారం దాన్ని చూడ్డానికి ప్లాట్‌ఫాం మీదికి పోయాను. తెల్లగా మెరిసి పోయింది, అంతే. విమానం కూడా మా మిద్దె మీదుగా అలాగే పోతుంది. ఆగని బండి వేగంతో మనకేం పని బిడ్డా?

రైలులో భయం లేదని కూడా చెప్పను. 1956 సెప్టెంబరు 2న జడ్చర్లకి, మహబూబ్‌నగర్‌కి మధ్య వాగు పొంగి వంతెన కూలింది, రైలు అందులో పడి వందమందికి పైగా పోయారు. రైల్వే మంత్రి లాల్‌బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు. ఆ నవంబరులోనే అరియలూరులో ఇంకో ఘోరం జరిగింది, అప్పుడు ఒప్పుకున్నారు. దేశమంతా అరియలూరునే తలుచుకుంటుంది గాని, మొదటి రాజీనామా మన పాలమూరు వాగు ఒడ్డున పుట్టిందని మనవాళ్ళకే గుర్తులేదు. మా అమ్మకి గుర్తుండేది. వంతెన మీదికి రైలు రాగానే కళ్ళు మూసుకునేది, చప్పుడు మారాక తెరిచేది.

విమానమంటే నాకు పగ ఏమీ లేదు. నాకు డెబ్బై దాటాక మీ మేనత్త ఉండే ఊరికి పోవడానికి ఎక్కాను. రైలైతే ఒక పగలూ రెండు రాత్రులు, నా నడుము ఒప్పుకోదు. పైనుంచి మబ్బులు చూస్తే దూది ఏకి ఆరబోసినట్టుంది. అవ్వ మాత్రం నా మణికట్టు పట్టుకుని కూర్చుంది, దిగేదాకా వదల్లేదు. పెళ్ళైన ఇన్నేళ్ళలో అంతసేపు నా చెయ్యి పట్టుకున్నది అదే.

ఆ ప్రయాణంలోనే కుడుకల కథ జరిగింది. మీ అత్తకి ఒడిబియ్యం పోయాలని అవ్వ పసుపు కలిపిన బియ్యం, పోకలు, ఖర్జూరాలు, ఐదు కుడుకలు మూటగట్టింది. మధ్యలో ఒక ఊళ్ళో విమానం మారాలి. ఏ ఊరో చెప్పను. సోదాలో మూట విప్పించి కుడుకలు పక్కన పెట్టేశారు. ఎండుకొబ్బరికి నూనె ఎక్కువ, దానంతటదే వేడెక్కి అంటుకునే సరుకుల జాబితాలో ఉందట. ఆ పిల్లవాడు మర్యాదగానే చెప్పాడు, నియమం కూడా నిజమే. కానీ కుడుకల్లేని ఒడిబియ్యం ఎట్లా పోస్తుంది? అవ్వ విమానంలో ఏడ్వలేదు, మాట్లాడనూ లేదు. దిగాక మార్కెట్టంతా తిరిగి ఐదు కుడుకలు కొన్నాకనే ఇంటి గడప తొక్కింది. రైలైతే స్లీపరులో మనిషికి 40 కిలోలు ఊరికే తీసుకుపోవచ్చు. విమానంలో దేశం లోపల మామూలుగా 15 కిలోలు పెట్టెలో, 7 చేతిలో. నీకిప్పుడు ఒక ల్యాప్‌టాప్, నాలుగు జతల బట్టలు కాబట్టి ఈ తేడా తెలియదు. పల్లికాయ సంచి, పచ్చడి జాడీ, అత్తగారింటి లాంఛనం మోసే రోజు వచ్చాక తెలుస్తుంది.

అంతమాత్రాన రైల్లో అంతా పెళ్ళివారి మర్యాద అనుకోకు. ఒకసారి వెయిటింగ్ లిస్టులో కొన్న టికెట్టు ఆర్‌ఏసీ దాకా వచ్చి ఆగింది. పక్క బెర్తు సగంలో నేను, మిగతా సగంలో పరిచయం లేని పెద్దమనిషి, రాత్రంతా ఇద్దరం మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాం. తెల్లారేసరికి ఆయన కూతురి కట్నం, కొడుకు చెడుసావాసాలు, సొంత చక్కెర రోగం అన్నీ నాకు కంఠతా వచ్చాయి. మరుగుదొడ్డి సంగతి ఉత్తరంలో రాయకూడదు. ముసలివాళ్ళకి టికెట్లో ఇచ్చే రాయితీ కరోనా వచ్చిన 2020 మార్చిలో ఆగింది. అంతకుముందు నాకు నూటికి 40, అవ్వకి 50 తగ్గేది. అవ్వకి నాకన్నా పది ఎక్కువ తగ్గుతుందని ఆమె ఎంత గర్వపడేదో!

మరి తీర్పు. ఢిల్లీకో, గువాహటికో పోవాల్సి వస్తే విమానమే ఎక్కు, మీ నాన్నకి నేను చెబుతాను. ఇంట్లో ఎవరికైనా బాగాలేదని కబురొస్తే అప్పుడూ ఆలోచించకు. బెంగళూరుకి మాత్రం రైలు. రాత్రి పడుకుంటే తెల్లారేసరికి ఊరి నడిబొడ్డున దింపుతుంది. నిద్రపోయిన గంటల్ని ప్రయాణంలో కలపకూడదు, ఇది నా సొంత సూత్రం, ఏ పుస్తకంలోనూ వెతకకు. కర్నూలు దగ్గర ఓర్వకల్లులో 2021 మార్చి నుంచి విమానాలు లేస్తున్నాయి, బెంగళూరుకే మొదలుపెట్టారు. మా గద్వాల వాళ్ళకి అది శంషాబాదు కన్నా దగ్గర. నీకు కాదు కాబట్టి దాన్ని వదిలేశాను.

ఒక నిజం ఒప్పుకోవాలి. గడప లెక్క న్యాయంగా వేస్తే నువ్వు రైలెక్కాల్సింది జడ్చర్లలోనో, మహబూబ్‌నగర్‌లోనో. అవే నీకు దగ్గర. గద్వాలకి రావాలంటే వనపర్తి మీదుగా బస్సులో సగం పూట పోతుంది. అయినా గద్వాలలోనే ఎక్కమంటున్నాను. పంతులు లెక్క తప్పు చేస్తున్నాడని తెలిసే చేస్తున్నాడు. పొద్దున్నే బయలుదేరితే మధ్యాహ్నం భోజనానికి ఉంటావు, రాత్రి బండి దాకా మా దగ్గరే.

టికెట్టు ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే ఇస్తున్నారు, వెనకటిలా నాలుగు నెలల ముందు కాదు. తేదీ ఖాయం కాగానే కొను. తత్కాల్ నమ్ముకుంటే పొద్దున పది గంటలకి ఇంట్లో నలుగురూ నాలుగు ఫోన్లు పట్టుకుని కూర్చోవాలి. స్లీపరుకైతే పదకొండుకి. అవ్వ జొన్నరొట్టెలు, పల్లీల పొడి కట్టిస్తుంది. కుడుకలు కూడా పెడుతుందట, రైల్లో ఎవరూ అడగరని.

గద్వాలలో ఎక్కితే నీకు కృష్ణ రాదు, అది మనకి ఉత్తరాన ఉండిపోతుంది. మనది రెండు నదుల మధ్య నడిగడ్డ కదా, దక్షిణానికి పోతే కర్నూలుకి ముందు తుంగభద్ర వస్తుంది. నదిలో వెయ్యమని అవ్వ ఒక రూపాయి బిళ్ళని పసుపు గుడ్డలో కట్టి దేవుడి పటం వెనక పెట్టింది. ఏసీ బోగీలో కిటికీ తెరుచుకోదన్న సంగతి ఆమెకి నేనింకా చెప్పలేదు. నువ్వు ఏ క్లాసు తీసుకుంటావో ముందు నాకే రాయి.

ఆశీస్సులతో,
తాత