మిషను మొరాయించింది

దసరా ఇంక అయిదు రోజులే ఉంది. కోడలి దగ్గర పదకొండు జాకెట్లు కుట్టవలసి ఉన్నాయి. ఆ పొద్దున కుట్టు మిషను మొరాయించింది. ఎంత తొక్కినా చక్రం బరువుగా తిరుగుతోంది. కుట్టు తప్పుతోంది. గుడ్డ కింద దారం ఉండలు కడుతోంది.

“రిపేరుకి పట్నం తీసుకుపోతే రెండు రోజులు పడుతుంది అత్తమ్మా. జాకెట్లు ఎట్లా ఇచ్చేది? అడ్వాన్సు డబ్బులు బియ్యానికే అయిపోయాయి” అంది కోడలు. ఏడుపొక్కటే తక్కువ.

అత్త రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. ట్రంకు పెట్టెలోంచి ఒక చిన్న పుస్తకం తీసింది. అది మిషనుతోపాటు వచ్చిన పుస్తకం. ఇన్నాళ్ళూ చీరల కింద పడి ఉంది. తెలుగు పేజీ వెతికి, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది.

“మిషను నూనె మాత్రమే వాడాలి అని ఉందే అమ్మాయ్. నువ్వేం పోశావు?”

“కొబ్బరి నూనె. ఏదైనా నూనేగా అనుకున్నా.”

చిక్కు అక్కడే వచ్చింది. చాలా ఇళ్ళలో జరిగేదే ఇది. కొబ్బరి నూనె, ఆముదం పోస్తే ఆ పూటకు మిషను తేలిగ్గానే తిరుగుతుంది. కొన్నాళ్ళకు ఆ నూనె జిగటగా మారుతుంది. దానికి దుమ్ము, గుడ్డ పీచు అంటుకుంటాయి. లోపలి ఇనుప ముక్కలు పట్టేస్తాయి. మిషను నూనె నీళ్ళలా పల్చగా ఉంటుంది. త్వరగా జిగట పట్టదు.

పక్కింట్లో కొంచెం కిరసనాయిలు దొరికింది. ముందు పొయ్యి ఆర్పేశారు. కిరసనాయిలు దగ్గర నిప్పు ఉండకూడదు. సూదిలో దారం తీసేశారు. మిషను పైన, పక్కన ఉన్న నూనె చిల్లుల్లో రెండేసి చుక్కలు వేశారు. చక్రాన్ని తమ వైపుకే తిప్పారు. వెనక్కి తిప్పితే దారం చిక్కుపడుతుంది. ఆ అలవాటు ఎప్పుడూ మంచిది కాదు. కాసేపటికి నల్లటి జిడ్డు కారింది. పాత గుడ్డతో తుడిచారు. మళ్ళీ వేశారు, మళ్ళీ తుడిచారు.

తర్వాత బెల్టు తప్పించి, మిషను తలను వెనక్కి వాల్చారు. సూదిని పైకి లేపి, బాబిన్ కేసు తీశారు. దాని వెనక ఉండేది షటిల్. సూది తెచ్చిన పై దారాన్ని పట్టుకుని, కింది దారం చుట్టూ తిప్పేది ఇదే. ఇక్కడ పీచు చేరితే కుట్టు సరిగ్గా పడదు. షటిల్ తీసి చూస్తే వేలెడు పీచు ముద్ద! పాత పళ్ళ బ్రష్షుతో దులిపారు. గుడ్డను ముందుకు నెట్టే పళ్ళ సందుల్లో కూడా దులిపారు.

అన్నీ ఆరాక మిషను నూనె వేశారు. చిల్లుకి ఒక్క చుక్క, షటిల్ తిరిగే చోట ఒక్క చుక్క. బెల్టుకి నూనె తగలనివ్వలేదు. తగిలితే బెల్టు జారుతుంది.

సూది మొన అరిగింది. పాత సూది చదును వైపు ఎటుందో చూసుకుని, కొత్తది కూడా అటే పెట్టారు. జాకెట్టు గుడ్డకు 14 నంబరు సూది. మందపాటి గుడ్డకైతే 16 గాని 18 గాని వాడాలి.

ముందు పాత గుడ్డ మీద కుట్టి చూశారు. నూనె మరకలన్నీ దానికే అంటాయి. పదిసార్లు కుట్టాక మరక ఆగింది. మిషను టకటకా ఆడింది. లోపల ఏదైనా విరిగి ఉంటే మాత్రం వాళ్ళ వల్ల అయ్యేది కాదు, మెకానిక్ దగ్గరికి పోవలసిందే.

రోజంతా కుట్టేవాళ్ళు రోజూ ఒక్కో చుక్క వేయాలి. అప్పుడప్పుడు కుట్టేవాళ్ళకు వారానికి ఒకసారి చాలు.

కోడలు మొదటి జాకెట్టు అందుకుంది. అత్త ఒక కాగితం ముక్క తీసుకుంది. “మిషను నూనె” అని రాసి సీసాకి అంటించింది. ‘ష’ కొంచెం వంకర పోయింది.