ఇంటియందొక తపాలా కచేరి

నేటి కాలమున ఉత్తరములు కాగితముపై కంటె విద్యుత్తంత్రులపైననే హెచ్చుగ నడచుచున్నవి. 1971వ సంవత్సరమున రే టామ్లిన్సన్ అను అమెరికా ఇంజనీరు ఒక యంత్రమునుండి వేఱొక యంత్రమునకు వలమీదుగా ఉత్తరమును పంపి, మనుష్యుని పేరునకును యంత్రము పేరునకును నడుమ "యాట్" అను గుర్తు నుంచెను. నాఁటినుండి యా పద్ధతియే నిలిచియున్నది. మనలో పెక్కుమంది యుత్తరములు దూరమందలి కంపెనీల యంత్రములలో నిలువయుండును. ఇంటిలోని నాలుగైదు కంప్యూటర్లకు మనమే యొక తపాలా కచేరి నేర్పఱచుకొనవచ్చునా? వచ్చును. ఆ విధమును విద్యార్థులకు క్లుప్తముగ వివరింపఁబూనితిమి.

దీనికి పాత కంప్యూటరొకటియు, లినక్సును చాలును. లినక్సును 1991లో ఫిన్లాండు విద్యార్థియగు లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించెను. వెల యీయకయే దానిని పొందవచ్చును.

తపాలా కచేరిలో రెండు పనులు గలవు. ఉత్తరములను పుచ్చుకొని గమ్యమునకు పంపుట మొదటిది. వచ్చినవానిని భద్రపఱచి యడిగినవారి కిచ్చుట రెండవది. మొదటి పనికి వీట్సె వెనెమా రచించిన పోస్ట్‌ఫిక్సును, రెండవ పనికి టిమో సిరైనెన్ రచించిన డవ్‌కాటును వాడుదురు.

రెండు యంత్రములు మాటలాడుకొను తీరు వినదగినది. పంపు యంత్రము మొదట తన పేరు చెప్పును; పిదప వ్రాసినవాని పేరు, చేరవలసినవాని పేరు చెప్పి, యుత్తరమును చదివి, కడపట నొక పంక్తిలో చుక్క మాత్రముంచి ముగించును. పుచ్చుకొను యంత్రము ప్రతిమాటకును మూఁడంకెల సంఖ్యతో బదులిచ్చును. మొదటి యంకె 2 అయిన సమ్మతి. 4 అయిన "మరల రమ్ము" అని యర్థము. 5 అయిన నిరాకరణము. 4 వచ్చినప్పుడు పోస్ట్‌ఫిక్సు ఉత్తరమును వరుసలో నుంచి, సాధారణముగ నైదు దినములవఱకు మరల మరల యత్నించి, అప్పటికిని కానిచో వ్రాసినవానికే త్రిప్పి పంపును.

ఇఁక ఏర్పాటు. పోస్ట్‌ఫిక్సునకు "మెయిన్.సీఎఫ్" అను ఫైలు ఆజ్ఞాపత్రము వంటిది. అందు నాలుగు పంక్తులు ముఖ్యములు. "మైహోస్ట్‌నేమ్" కచేరి పేరు. ఇంటివలల కొఱకు 2018లో ప్రత్యేకింపఁబడిన "హోమ్.ఆర్పా" అను చివరి పేరును దీనికి జోడింపవచ్చును. "మైడెస్టినేషన్" ఏ పేరిట వచ్చిన యుత్తరములు మనవో తెలుపును. "రిలేహోస్ట్" బయటి యుత్తరములను ఎవరి చేతి కప్పగింపవలెనో తెలుపును. ఇంటర్నెట్టు నిచ్చు కంపెనీలు పెక్కు 25వ ద్వారమును మూసియుంచును. ఇంటి చిరునామాలనుండి నేరుగ వచ్చిన యుత్తరములను పెద్ద కచేరులు నమ్మవు. కావున 587వ ద్వారమున, రహస్యపదముతో, నమ్మకముగల కచేరికి వానిని అప్పగించుట మేలు.

నాల్గవది "మైనెట్‌వర్క్స్." మిక్కిలి జాగ్రత్త వలయునది యిదియే. ఎవరి యుత్తరములను ప్రశ్నింపక పుచ్చుకొనవలెనో యిది నిర్ణయించును. ఇంటివల 192.168.1.0/24 అయినచో, దానిని, కచేరి యంత్రపు సొంత చిరునామాను మాత్రమే వ్రాయవలెను. 24 అను సంఖ్యకు మొదటి మూఁడు సంఖ్యలు మాఱవని భావము; కడపటిది మాత్రము మాఱుటచే 256 చిరునామా లేర్పడును. ఈ పంక్తిలో లోకమంతటికి చోటిచ్చి, కచేరి ద్వారమును బయటికి తెఱచితిమేని, మోసగాండ్రు మన యంత్రముచేత వేలకొలఁది దొంగయుత్తరములు పంపించెదరు. అవి చేరినవారికి మన చిరునామాయే కనఁబడును. అంత మన చిరునామా బహిష్కృతుల పట్టికల కెక్కును. ఇంటివారు వ్రాసిన నిజమైన యుత్తరములును త్రోసివేయఁబడును. ఒక్క పంక్తి యెంత చేటు తెచ్చునో చూడుఁడు!

ఫైలు దిద్దిన పిదప "పోస్ట్‌ఫిక్స్ చెక్" అని పరీక్షింపుఁడు. తరువాత "పోస్ట్‌ఫిక్స్ రీలోడ్" అని క్రొత్త యాజ్ఞలను అమలు చేయుఁడు. ఒక గదిలోని కంప్యూటరునుండి వేఱొక గదిలోని దానికి ఉత్తరము వ్రాసి, దినచర్య ఫైలు చదువుఁడు. డవ్‌కాటునుండి ఉత్తరములు తీసికొనుటకు 993వ ద్వారము వాడినచో, రహస్యపదము దారిలో నితరుల కంటఁబడదు. నిలువయున్న యుత్తరములకు వేఱొక డిస్కుపై ప్రతి యుంచుట మఱవరాదు. డిస్కు చెడిన నాఁడు మఱియొకరి నడుగ వీలులేదు గదా.

బయటి లోకమునుండి నేరుగ ఉత్తరములు పుచ్చుకొనుటకు సొంత పేరు, మాఱని చిరునామా, రేయింబవళ్లు విద్యుత్తు, ఎడతెగని కావలి వలయును. ఆరంభకులు ఇంటి గోడలలోపలనే యభ్యసించుట మంచిది. కచేరి యజమానునికి ఇంటివారి యుత్తరములు దాచు బాధ్యతయు, పొరుగువారికి కీడు చేయని బాధ్యతయు గలవు. ఈ రెంటిని మోయనేర్చిన విద్యార్థికి ఈ విద్య సార్థకమని మేము తలంచుచున్నాము.