వినోదం – వివేకం

కళ మనస్సును రంజింపజేస్తుంది; తెలియకుండానే నడవడిని కూడ మలుస్తుంది. ఈ రెండవ శక్తిని నేటి వ్యాపార ప్రకటనలు చక్కగా గ్రహించాయి. పాటతో, కథతో, అభిమాన నటుల ముఖంతో అవి అక్కరలేని వస్తువును అవసరంగా భ్రమింపజేస్తున్నాయి. ఇంట వస్తువులు పెరిగినకొద్దీ బయట నీరు, అడవి తరిగిపోతున్నాయి.

కోరికను పెంచగల కళ దానిని అదుపు చేయగలదా? చేయగలదని నెల్లూరు జిల్లా చరిత్ర చెబుతున్నది. 1990 ప్రాంతంలో అక్కడ సాగిన అక్షరాస్యతా ఉద్యమంలో కళాజాతాలు పాటలతో, నాటికలతో పల్లెలను మేల్కొలిపాయి. వాచకంలోని సీతమ్మ కథలో స్త్రీలు తమ బ్రతుకునే చూసుకొన్నారు. దూబగుంట మహిళలు ప్రారంభించిన సారా వ్యతిరేక పోరాటం 1992లో రాష్ట్రమంతటా వ్యాపించింది. 1993 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం అమలులోకి వచ్చింది.

సారా వలె వస్తు వ్యామోహం కూడ వ్యసనమే. దానిని ఎదుర్కోవడానికి మన బుర్రకథ తగిన సాధనం. కథకుడు తంబురా మీటుతూ పెళ్ళివిందును వర్ణిస్తున్నాడనుకొందాం. "ఇన్ని వంటకాలు పెళ్ళివారికా, పెంటకుప్పకా?" అని హాస్యపు వంత అడ్డు తగులుతాడు. సభ నవ్వుతుంది. పారవేసిన ప్రతి మెతుకు వెనుక రైతు చెమట, చెరువు నీరు ఉన్నాయని రాజకీయ వంత గుర్తుచేస్తాడు. నవ్విన శ్రోత తన విస్తరిని తలచుకొంటాడు. ఉపదేశం సాధింపలేని పనిని ఆ నవ్వు సాధిస్తుంది.

విద్యార్థులారా! కళాశాల వార్షికోత్సవానికి మీరు వ్రాసే నాటిక ఏ కోరికను పెంచుతుందో, ఏ వివేకాన్ని మేల్కొలుపుతుందో ఆలోచించండి.