కొత్త వాద్యం - పాత వాదం

పాఠ్యభాగ పరిచయం

కంప్యూటర్‌లో ఇమిడి ఉండి నాదాన్ని సృష్టించే వాద్యాన్ని సాఫ్ట్‌వేర్ సింథసైజర్ అంటారు. ఇది వెలువడినప్పటి నుండి సంగీతజ్ఞుల మధ్య అభిప్రాయభేదాలు కొనసాగుతూనే ఉన్నాయి. ఒకే వాద్యాన్ని గురించి పరస్పర విరుద్ధంగా మాట్లాడే ఇద్దరు విద్వాంసులు ఇద్దరూ సత్యమే పలుకుతూ ఉండడం ఎట్లా సాధ్యమో వివరించడం ఈ పాఠ్యభాగం ఉద్దేశం.

పాఠ్యభాగం

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్న సామెత లోకవిదితం. సంగీతలోకంలో ఈ మాట మరింత స్పష్టంగా రుజువవుతుంది. ఒకే రాగాలాపనను విన్న ఇద్దరు రసికులు ఒకే విధంగా స్పందించరు. ఇక కొత్త వాద్యం రంగప్రవేశం చేసినప్పుడైతే ఆ భేదం వివాదరూపం ధరిస్తుంది. కొందరు దానిని ఆదరంతో ఆహ్వానిస్తారు. మరికొందరు అది సంగీతానికే చేటు అని భావిస్తారు. ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలో ఇటువంటి వివాదానికి కారణమైన వాద్యాలలో సింథసైజర్ ముఖ్యమైనది. అది తన భౌతిక ఆకారాన్ని కూడా విడిచిపెట్టి కంప్యూటర్‌లో ప్రవేశించినప్పుడు ఆ వివాదం కొత్త మలుపు తిరిగింది.

వీణలో తీగ, వేణువులో గాలి, మృదంగంలో చర్మం కంపించి నాదాన్ని పుట్టిస్తాయి. సింథసైజర్‌లో ఆ పనిని విద్యుత్తు నిర్వహిస్తుంది. ఇందులో ప్రధానంగా మూడు భాగాలుంటాయి. మొదటిది కంపనాలను ఉత్పత్తి చేస్తుంది. రెండవది వాటిలో కొన్నింటిని వడపోసి నాదానికి ఒక రంగును కల్పిస్తుంది. మూడవది ఆ నాదం ఎంత వేగంగా పైకి లేవాలో, ఎంత నెమ్మదిగా అణగిపోవాలో నిర్ణయిస్తుంది. అమెరికాకు చెందిన రాబర్ట్ మూగ్ 1964లో రూపొందించిన యంత్రం ఈ వాద్యపరిణామంలో ఒక మైలురాయి. దీని అనంతరం వచ్చిన మినీమూగ్ 1970 నుండి సంగీతబృందాల వేదికలపై స్థానం సంపాదించుకొంది.

ఈ మూడు భాగాలు చేసే పనినంతటినీ గణితరూపంలో కంప్యూటర్ చేత చేయించినట్లయితే అదే సాఫ్ట్‌వేర్ సింథసైజర్ అవుతుంది. ఇక్కడ తీగ లేదు, చర్మం లేదు, ప్రత్యేకమైన విద్యుత్ పరికరం కూడా లేదు. ఉన్నవి అంకెలు మాత్రమే. సాధారణ సీడీలో ఒక సెకను నాదాన్ని 44,100 అంకెలుగా విభజించి భద్రపరుస్తారు. అదే రీతిలో కంప్యూటర్ అంకెలను వరుసగా లెక్కించి, వాటిని ధ్వనిగా మార్చి వినిపిస్తుంది. ఈ ఆలోచన కొత్తది కాదు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో మాక్స్ మాథ్యూస్ 1957లోనే కంప్యూటర్ చేత నాదాన్ని పలికించే ప్రోగ్రామ్‌ను రచించారు. దానితో వినిపించిన తొలి స్వరరచన నిడివి కేవలం 17 సెకన్లు. అయితే వాద్యకారుడు మీటను నొక్కిన మరుక్షణమే నాదాన్ని లెక్కించి వినిపించగల శక్తి ఇండ్లలోని సామాన్యమైన కంప్యూటర్లకు 1990వ దశకంలో గాని సమకూరలేదు. జర్మనీకి చెందిన స్టైన్‌బెర్గ్ సంస్థ 1996లో వీ.ఎస్.టీ. అనే విధానాన్ని ప్రవేశపెట్టింది. 1999లో దాని రెండవ రూపం వెలువడడంతో ఒకే కంప్యూటర్‌లో అనేక వాద్యాలను అమర్చుకొనే మార్గం సుగమమైంది.

ఈ వాద్యాలపై వెల్లడైన అభిప్రాయాలను అర్థం చేసుకోవడానికి ఒక యంత్రం చరిత్ర ఎంతగానో తోడ్పడుతుంది. జపాన్‌కు చెందిన రోలాండ్ సంస్థ 1981లో టీ.బీ.-303 అనే చిన్న సింథసైజర్‌ను తయారుచేసింది. ఒంటరిగా సాధన చేసుకొనే గిటార్ వాద్యకారునికి మంద్రస్వరాలు పలికే బేస్ గిటార్ సహకారాన్ని అందించడం దాని లక్ష్యం. కాని అది పలికిన ధ్వని నిజమైన బేస్ గిటార్‌ను ఏమాత్రం పోలి ఉండలేదు. సుమారు 10,000 యంత్రాలు తయారైన అనంతరం 1984లో ఉత్పత్తి నిలిచిపోయింది. అనుకరణలో విఫలమైన ఆ యంత్రం పాత సామాను దుకాణాలకు చేరి చౌకధరకు లభించసాగింది. అమెరికాలోని షికాగో నగర యువకులు దానిని కొని, బొత్తాలను తిప్పుతూ అంతవరకు ఎవరూ వినని వింత నాదాలను రాబట్టారు. ఫ్యూచర్ అనే బృందం 1987లో వెలువరించిన రికార్డుతో 'ఆసిడ్ హౌస్' అనే నృత్యసంగీత శాఖ ప్రసిద్ధికెక్కింది.

అంతకుముందే మన దేశంలో ఒక వాద్యకారుడు ఈ యంత్రంలోని మరొక శక్తిని గుర్తించారు. బొంబాయి హిందీ చలనచిత్ర సంగీతబృందాలలో పనిచేసిన చరణ్‌జిత్ సింగ్ 1982లో టీ.బీ.-303 యంత్రాన్ని మరి రెండు రోలాండ్ యంత్రాలతో జతచేసి పది హిందుస్థానీ రాగాలను డిస్కో లయలో రికార్డు చేశారు. ఒక స్వరం నుండి మరొక స్వరానికి జారే సౌకర్యం టీ.బీ.-303లో ఉంది. రాగసంచారానికి కావలసినది కూడ అటువంటి జారుడే కదా! ఆనాడు ఆ రికార్డును పట్టించుకొన్నవారు అరుదు. 2010లో తిరిగి విడుదలైన తరువాత అది దేశదేశాల శ్రోతలను ఆకర్షించింది. యంత్రం ఒకటే, జపాన్‌లో దానిని చేసినవారు ఆశించినది ఒకటి, బొంబాయిలో విన్న చెవి గ్రహించినది మరొకటి, షికాగోలో తిప్పిన చేయి సాధించినది ఇంకొకటి.

క్రమంగా ఈ యంత్రానికి గిరాకీ పెరిగి, దాని ధర సామాన్యులకు అందనంత ఎత్తుకు చేరింది. ఆ దశలో, 1997లో, స్వీడన్‌కు చెందిన ప్రొపెల్లర్‌హెడ్ సంస్థ 'రీబర్త్' అనే సాఫ్ట్‌వేర్ సింథసైజర్‌ను విడుదల చేసింది. రెండు టీ.బీ.-303లు, వాటితోపాటు టీ.ఆర్.-808 అనే తాళయంత్రం కంప్యూటర్ తెరపై సాక్షాత్కరించాయి. కొత్తగా సంగీతరచన ఆరంభించిన యువకులకు ఇది వరప్రసాదమయింది. అసలు యంత్రానికి అలవాటుపడిన వాద్యకారులలో పలువురికి మాత్రం ఇది తృప్తినివ్వలేదు. సాఫ్ట్‌వేర్ సింథసైజర్లపై నేటికీ వినవచ్చే భిన్నాభిప్రాయాలకు బీజాలు ఇక్కడే కనిపిస్తాయి. వాటిని నాలుగు విధాలుగా పరిశీలించవచ్చు.

మొదటిది నాదానికి సంబంధించినది. పాత అనలాగ్ యంత్రాలలో ఉష్ణోగ్రత మారితే శ్రుతి స్వల్పంగా తొలగుతుంది. ఒకే మీటను రెండుసార్లు నొక్కినా రెండు నాదాలూ అచ్చుగుద్దినట్లు ఒకే విధంగా ఉండవు. ఆ చంచలత్వమే నాదానికి జీవం పోస్తుందని కొందరి విశ్వాసం. అదే చంచలత్వం రికార్డింగ్ మధ్యలో శ్రుతిని చెడగొట్టి పనిని ఆటంకపరుస్తుందని ఇతరుల అనుభవం. ఒకరికి గుణమైనది మరొకరికి దోషమయింది. తరువాతి సాఫ్ట్‌వేర్ రూపకర్తలు ఆ చిన్న తొలగింపును సైతం లెక్కగట్టి తమ వాద్యాలలో చేర్చడం గమనింపదగినది.

రెండవది స్పర్శకు సంబంధించినది. వాద్యం చెవికి మాత్రమే కాదు, చేతికి కూడా సంబంధించిన వస్తువు. బొత్తాన్ని వేళ్లతో తిప్పడానికీ, తెరపై దాని బొమ్మను మౌస్‌తో కదపడానికీ అనుభవంలో ఎంతో వ్యత్యాసం ఉంది. పైగా కంప్యూటర్ అంకెలను గుంపులుగా లెక్కించడం వలన మీట నొక్కడానికీ, నాదం వినబడడానికీ మధ్య కొంత వ్యవధి ఏర్పడుతుంది. 256 అంకెల గుంపుకు ఈ వ్యవధి ఇంచుమించు 6 మిల్లీసెకన్లు. రెండు మీటర్ల దూరంలోని వాద్యం ధ్వని మనను చేరడానికి కూడా దాదాపు ఇంతే కాలం పడుతుంది కనుక ఇది బాధించదు. 1,024 అంకెల గుంపుకు 23 మిల్లీసెకన్లు కావడంతో ద్రుతకాలంలో వాయించే విద్వాంసుని చేయి తడబడుతుంది. తీరికగా కూర్చుండి స్వరరచన చేసే వ్యక్తికి ఈ జాప్యం లెక్కలోనిది కాదు. కావున కచేరీ చేసేవాని నిందా, రచన చేసేవాని ప్రశంసా రెండూ యథార్థాలే.

మూడవది గమకానికి సంబంధించినది. ఇది మన సంగీతానికి ప్రాణప్రదమైన అంశం. తోడి రాగంలోని గాంధారం ఒకచోట నిలిచి ఉండదు. ఊగుతూనే తన రూపాన్ని ప్రకటిస్తుంది. పియానో వంటి మీటలపై స్వరాలు మెట్లవలె విడివిడిగా ఉంటాయి. మెట్లపై ఊయల ఊగడం సాధ్యం కాదు. 1983లో ఏర్పడిన మిడి విధానంలో స్వరాన్ని వంచే ఏర్పాటు ఉన్నప్పటికీ, ఆ వంపు ఒక మార్గంలో పలికే స్వరాలన్నింటికీ ఒకేసారి వర్తిస్తుంది. 2018లో ఆమోదం పొందిన కొత్త ప్రమాణం వలన ప్రతి వేలి కదలికనూ వేర్వేరుగా గుర్తించే అవకాశం కలిగింది. అందుచేత ఈ అంశంలో ఆక్షేపణ నాదం మీదకంటె మీటల అమరిక మీద ఎక్కువగా వర్తిస్తుందని గ్రహించాలి.

నాలుగవది అన్నింటికంటె గంభీరమైనది. అది జీవనోపాధికి సంబంధించినది. బ్రిటన్‌లోని వాద్యకారుల సంఘానికి చెందిన మధ్య లండన్ శాఖ 1982లో సింథసైజర్లనూ, తాళయంత్రాలనూ నిషేధించాలని తీర్మానించింది. ఆ తీర్మానం దేశవ్యాప్త నిషేధంగా పరిణమించలేదు గాని, దాని వెనుకనున్న భయం నిరాధారమైనది కాదు. చలనచిత్రాల పాటల కోసం ఒకప్పుడు పదులకొలది వయొలిన్ వాద్యకారులు ఒకచోట కూర్చుండి వాయించేవారు. ఆ పనిలో అధికభాగం నేడు ఒక గదిలోని ఒక్క కంప్యూటర్‌తో పూర్తవుతున్నది. మరొకవైపు చిన్న ఊరిలో ఉండి, వాద్యబృందాన్ని సమకూర్చుకొనే స్తోమత లేని యువస్వరకర్తకు అదే కంప్యూటర్ ఒక బృందాన్ని ప్రసాదిస్తున్నది. 2018లో 'సర్జ్' అనే సింథసైజర్‌ను దాని రూపకర్త మూలరచనతో సహా ప్రజాపరం చేయడంతో ధనం కూడా అడ్డుకాని స్థితి వచ్చింది. ఒకరి జీవనాధారం సన్నగిల్లడం, మరొకరికి ద్వారం తెరుచుకోవడం ఏకకాలంలో జరిగాయి. ఈ రెండింటిలో ఏ ఒక్కదానిని విస్మరించినా మన తీర్పు అన్యాయమవుతుంది.

ఇటువంటి వాదం మన గడ్డకు కొత్తది కాదు. పాశ్చాత్యుల వయొలిన్‌ను ముత్తుస్వామి దీక్షితుల సోదరుడైన బాలుస్వామి దీక్షితులు అభ్యసించి కర్ణాటక సంగీతంలో ప్రవేశపెట్టారు. కాలక్రమంలో విజయనగరానికి చెందిన ద్వారం వెంకటస్వామి నాయుడు చేతిలో అది తెలుగువారి కీర్తిపతాకమయింది. పాలకొల్లులో జన్మించిన మాండొలిన్ శ్రీనివాస్ విద్యుత్ మాండొలిన్‌పై గమకాలను పలికించి విద్వాంసులను మెప్పించారు. హార్మోనియం కథ మరింత ఆలోచింపజేసేది. దాని స్వరాలు స్థిరమైనవని, గమకం పలకదని ఆలిండియా రేడియో 1940లో ఆ వాద్యాన్ని నిషేధించింది. ఆ నిషేధం సడలడానికి మూడు దశాబ్దాలు పట్టింది. అదే కాలంలో తెలుగునాట పద్యనాటకానికి హార్మోనియమే ఊపిరి. నటుడు పద్యం ఎత్తుకోగానే శ్రుతినిచ్చి, రాగం తీసినంతసేపు వెన్నంటి నిలిచినది ఆ పెట్టెయే. రేడియోవారి ఆక్షేపణ అసత్యం కాదు. రంగస్థలం చూపిన ఆదరణా అనుచితం కాదు. రెండుచోట్ల వాద్యం నుండి కోరిన పని వేరు.

సాఫ్ట్‌వేర్ వాద్యాలకు ఉన్న మరొక పరిమితిని కూడా పేర్కొనాలి. పైన చెప్పిన రీబర్త్ అమ్మకం 2005లో నిలిచిపోయింది. 2010లో చేతిఫోన్ల కోసం అది పునర్జన్మ ఎత్తినప్పటికీ, రోలాండ్ సంస్థ తన మేధాసంపత్తి హక్కులను ప్రస్తావించడంతో 2017లో ఉపసంహరింపబడింది. తాతగారి వీణను మనుమరాలు వాయించగలదు. తండ్రి కొన్న సాఫ్ట్‌వేర్ కుమారుని కంప్యూటర్‌లో పనిచేస్తుందన్న భరోసా లేదు.

కావున ఒక కొత్త వాద్యంపై ఎవరైనా అభిప్రాయం వెలిబుచ్చినప్పుడు, అది మంచిదా చెడ్డదా అని తొందరపడి తేల్చుకోవడం ఉచితం కాదు. చెప్పినవారు ఆ వాద్యంతో ఏ పని చేయదలచారు, దానివలన వారికి కలిగే లాభనష్టాలేవి అని ముందుగా విచారించాలి. అప్పుడు పరస్పర విరుద్ధాలుగా తోచిన మాటలు ఒకే వస్తువును భిన్నస్థానాల నుండి చూసిన వర్ణనలుగా అర్థమవుతాయి. ఆడలేక మద్దెల ఓడన్నట్లు వాద్యాన్ని నిందించడం ఎంత తప్పో, మద్దెల నిజంగా ఓడైనప్పుడు ఆ మాట చెప్పిన వాద్యకారుని ఆటరానివాడని వెక్కిరించడమూ అంతే తప్పు.

కఠిన పదాలు - అర్థాలు

లోకవిదితం = లోకమంతటికీ తెలిసినది
సుగమం = సులభంగా పోదగినది
మంద్రస్వరం = తక్కువ స్థాయిలో పలికే స్వరం
చంచలత్వం = నిలకడ లేకపోవడం
ద్రుతకాలం = వేగవంతమైన లయ
గమకం = స్వరాన్ని ఊపడం, జార్చడం మొదలైన అలంకరణ
ఆక్షేపణ = అభ్యంతరం
స్తోమత = ఆర్థికశక్తి
ఓడు = పగిలినది, చిల్లిపడినది

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. సాఫ్ట్‌వేర్ సింథసైజర్లపై సంగీతజ్ఞులకు గల నాలుగు విధాల అభిప్రాయభేదాలను వివరించండి.
2. 'చెప్పినవారి అవసరాన్ని బట్టి అభిప్రాయం విలువను గ్రహించాలి' - ఈ వాక్యాన్ని పాఠంలోని ఉదాహరణలతో సమర్థించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. అనుకరణలో విఫలమైన టీ.బీ.-303 ఏ విధంగా ప్రసిద్ధి పొందింది?
2. హార్మోనియం విషయంలో రేడియోవారి దృష్టికి, నాటకరంగం దృష్టికి గల భేదం ఏమిటి?
3. కొత్త వాద్యం వలన జీవనోపాధిలో కలిగిన రెండు విధాల మార్పులేవి?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. కంప్యూటర్ చేత నాదాన్ని పలికించే ప్రోగ్రామ్‌ను 1957లో రచించినది ఎవరు?
2. వయొలిన్‌ను కర్ణాటక సంగీతంలో ప్రవేశపెట్టినది ఎవరు?
3. చరణ్‌జిత్ సింగ్ ఎన్ని రాగాలను డిస్కో లయలో రికార్డు చేశారు?