ఇంటి కంప్యూటరుకు తొలి లినక్స్

బాలాపూర్‌లో ఉన్న చిరంజీవి మేనల్లుడికి మేనమామ ఆశీస్సులు.

తెర, కీబోర్డు, డిస్కు, ప్రింటరు వంటి కంప్యూటరు అంగాలన్నిటినీ ఒక్క తాటిమీద నడిపించే మూల సాఫ్ట్‌వేరును ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. దాని మూలరచనను ఎవరైనా చదివి, మార్చి, పదిమందికీ పంచవచ్చునన్న అనుమతితో విడుదలైనప్పుడు అది ఓపెన్ సోర్స్ అవుతుంది. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు ఉపకరణాలూ, 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ రాయడం మొదలుపెట్టిన లినక్స్ కెర్నెల్, అంటే యంత్రంతో నేరుగా వ్యవహరించే అంతర్భాగమూ ఈ వ్యవస్థలకు పునాది. ఆ పునాదిమీద తెర అలంకరణను, బ్రౌజరును, రాతపనికి కావలసిన లిబ్రేఆఫీస్‌ను కూర్చి, ఎక్కించుకోవడానికి సిద్ధంగా ఇచ్చే సంపుటిని డిస్ట్రో అంటారు. అటువంటివి వందల్లో ఉండటమే కొత్తవారికి మొదటి చిక్కు.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటును, కొంత కొత్త తరం ప్రాసెసరును కోరుతుంది గనుక, సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట్ల సెకండ్‌హ్యాండులో దొరికే పాత ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఆ దారి మూసుకుపోయింది. చక్కగా పనిచేస్తున్న యంత్రాన్ని పాతసామానుకు వేయడం అన్యాయం. విద్యార్థి ఉన్న ఇంట్లో అది మరింత అన్యాయం. అటువంటి యంత్రానికి లినక్సే దారి.

ఏ డిస్ట్రోను ఎంచుకోవాలన్న ప్రశ్నకు అందచందాల పోలికలు సరైన సమాధానం ఇవ్వవు. చిక్కువచ్చిన రోజున అడగడానికి ఎవరున్నారు, తెలుగు ఎంత సుఖంగా చదవనిస్తుంది, రాయనిస్తుంది అన్న రెండు విషయాలే తొలి అడుగులో నిర్ణాయకాలు. ఈ దృష్టితో చూసినప్పుడు తెలుగునేలలో మొదట తలచుకోవలసినది స్వేచ్ఛ అనే స్వచ్ఛంద సంస్థ. అది తెలుగులోనే మెనూలు కనిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌ను రూపొందించి, బడిపిల్లల కోసం బాల స్వేచ్ఛ అనే రూపాన్ని కూడా తెచ్చి, ఇంజనీరింగ్ కళాశాలల్లో గ్నూ లినక్స్ బృందాలను నడిపించింది. బాలాపూర్ విద్యార్థికి ఆ కార్యకర్తలు హైదరాబాదులోనే అందుబాటులో ఉండటం ఎన్ని వీడియో పాఠాలకైనా మించిన అండ. కేంద్రప్రభుత్వ సంస్థ సీడాక్ తయారుచేసిన బాస్ అనే డిస్ట్రో కూడా డెబియన్ అనే డిస్ట్రో ఆధారంగా తెలుగుతో సహా భారతీయ భాషలకు చోటిచ్చింది.

అయినప్పటికీ ఇంటి కంప్యూటరులో నిత్యం వాడుకునే తొలి వ్యవస్థగా లినక్స్ మింట్‌ను ఎంచుకోవడమే మేలు. 2006లో క్లెమెంట్ లెఫెబ్వ్‌ర్ ప్రారంభించిన ఈ డిస్ట్రో ఉబుంటు అనే మరో డిస్ట్రోమీద ఆధారపడుతుంది. తెర అడుగున పట్టీ, ఎడమమూల మెనూ ఉండటం వల్ల విండోస్‌కు అలవాటుపడిన చెయ్యి తడబడదు. మింట్ 22 శ్రేణికి 2029 వరకు భద్రతా నవీకరణలు అందుతాయి కాబట్టి ఏటేటా కొత్త కూర్పులకు మారవలసిన పనీ ఉండదు. ర్యామ్ కనీసం 2 జీబీ కావాలనీ, 4 జీబీ ఉంటే సుఖమనీ మింట్ బృందమే చెబుతుంది. యంత్రం బలహీనమైతే సిన్నమన్ అనే ప్రధాన కూర్పుకు బదులు ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి కూర్పును దించుకోవాలి. ఫెడోరా, ఆర్చ్ వంటి డిస్ట్రోలు గొప్ప వ్యవస్థలే, కానీ అవి రెండో అడుగుకు తగినవి.

స్థాపనకు ముందు పరీక్ష తప్పనిసరి. దించుకున్న మింట్ ఫైలును రూఫస్ వంటి ఉపకరణంతో 8 జీబీ పెన్‌డ్రైవుమీదికి ఎక్కించి, యంత్రాన్ని ఆన్ చేస్తూ కంపెనీని బట్టి ఎఫ్12, ఎఫ్9 లేదా ఎస్కేప్ మీటను నొక్కితే, డిస్కును తాకకుండానే మింట్ పెన్‌డ్రైవు నుంచి నడుస్తుంది. దీనిని లైవ్ పద్ధతి అంటారు. వేగం కొంత తక్కువగా ఉన్నా, వైఫై పట్టుకుంటున్నదా, శబ్దం వస్తున్నదా, మూత మూసి తెరిస్తే యంత్రం మేలుకుంటున్నదా, ఇంట్లోని ప్రింటరు అచ్చు వేస్తున్నదా అన్నవన్నీ ఇక్కడే తేలిపోతాయి. ఒక సాయంత్రం ఓపిక పట్టి ఇంత చూసినవారికి తరువాత పశ్చాత్తాపం అరుదు.

తెలుగు రాత విషయం మరికొంత శ్రద్ధను కోరుతుంది. కీబోర్డు అమరికల జాబితాలో తెలుగును చేర్చగానే వచ్చేది ఇన్‌స్క్రిప్ట్. 1991 నాటి భారతీయ ప్రమాణంలో భాగమైన ఈ అమరికలో అచ్చులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి వస్తాయి. భారతీయ భాషల్లో చాలావాటికి స్థానాలు ఒకటే కావడం వల్ల తెలుగుకు నేర్చిన చెయ్యి హిందీకీ పనికివస్తుంది. ఇంగ్లిష్ అక్షరాలతో ఉచ్చారణను బట్టి కొట్టే అలవాటు ఉన్నవారికి ఐబస్ అనే ఉపకరణంలో ఆర్‌టీఎస్ పద్ధతి దొరుకుతుంది, కానీ చదువుకునే వయసులో ఇన్‌స్క్రిప్ట్‌కే నెలరోజులు కేటాయించడం ఉత్తమం. మండలి, గిడుగు, సురవరం వంటి ఓపెన్ సోర్స్ ఫాంట్లు తెలుగువిజయం అనే ప్యాకేజీగా సాఫ్ట్‌వేర్ భండారంలోనే ఉన్నాయి.

ఇబ్బందులు లేవనడం సత్యం కాదు. శుభలేఖలు, ఫ్లెక్సీలు తయారుచేసే డీటీపీ కేంద్రాల్లో వాడుకలో ఉన్న అనూ ఫాంట్లు యూనికోడ్‌కు ముందునాటి పద్ధతివి. ఆ ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చనిదే లినక్స్‌లో సాధారణంగా తెలుగుగా కనిపించవు. ట్యాలీ లెక్కలు, కొన్ని ఆన్‌లైన్ పరీక్షల పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్లు విండోస్‌నే కోరుతాయి. ఇంట్లో ఎవరికైనా వాటి అవసరం ఉన్నట్లయితే రెండు వ్యవస్థలనూ పక్కపక్కనే ఉంచే డ్యూయల్ బూట్ ఏర్పాటు చేసుకోవాలి.

స్థాపన ముగిసిన రోజునే టైమ్‌షిఫ్ట్ అనే ఉపకరణాన్ని అమర్చుకుంటే, ఏ నవీకరణ వల్లనైనా వ్యవస్థ చెడితే నిన్నటి స్థితికి తిరిగి వెళ్లవచ్చు. అయితే అది కాపాడేది వ్యవస్థ ఫైళ్లనే తప్ప సొంత ఫైళ్లను కాదు. అందువల్ల డిస్కును చెరిపే బొత్తాన్ని నొక్కకముందే అమ్మానాన్నల ఫోటోలు, సర్టిఫికెట్లు, భూమి కాగితాల స్కాన్లు వేరొక హార్డ్‌డిస్కులోకి ఎక్కించి, ఆ కాపీలు మరొక కంప్యూటరులో తెరుచుకుంటున్నాయని కళ్లారా చూసిన తరువాతే చిరంజీవి స్థాపనకు పూనుకోవాలి.

ఆశీస్సులతో,
మేనమామ