విదేశయానం - వ్యయ ప్రణాళిక

ఉద్దేశం: ఉపాధి కొరకో, ఉన్నతవిద్య కొరకో పరదేశానికి వెళ్ళదలచినవారు వీసాకు, నివాసానుమతికి అయ్యే వ్యయాన్ని ముందుగా అంచనా వేసుకొనే పద్ధతిని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం:

నెల్లూరు సీమకు తూర్పున బంగాళాఖాతం ఎల్లగా ఉన్నది. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు ప్రాంతాల ప్రజలకు వరిసాగు, చేపలవేట, రొయ్యల పెంపకం ప్రధాన జీవనాధారాలు. తుపాను వచ్చినా, రొయ్యకు తెగులు సోకినా ఆ ఏటి ఆదాయం చేతికందదు. నెల్లూరు, కడప, చిత్తూరు, గోదావరి జిల్లాల నుండి అనేకులు దశాబ్దాలుగా కువైటు మొదలైన గల్ఫు దేశాలకు వలస వెళ్తున్నారు. విద్యార్థులు అమెరికా, బ్రిటన్, జర్మనీ దేశాలకు వెళ్తున్నారు. ఇందుకు కావలసిన సొమ్మును పలువురు పొలం తాకట్టు పెట్టో, నగలు కుదువబెట్టో సమకూర్చుకొంటారు. కనుక లెక్క తప్పితే నష్టపోయేది ప్రయాణికుడొక్కడే కాదు, ఇంటిల్లిపాదీ.

వీసా అనగా ఒక దేశంలో ప్రవేశించడానికి ఇచ్చే అనుమతి. నివాసానుమతి అనగా ప్రవేశించిన పిమ్మట అక్కడ నిర్ణీతకాలం ఉండడానికి ఇచ్చే అనుమతి. గల్ఫు దేశాలలో దీనిని 'ఇకామా' అంటారు. వీసా వ్యయాన్ని మాత్రమే లెక్కించి, నివాసానుమతిని మరచేవారు పరాయిగడ్డపై చిక్కులపాలవుతారు.

ఈ వ్యయాలను మూడు విధాలుగా విభజించవచ్చు. మొదటిది తిరిగిరాని రుసుము. అమెరికా విద్యార్థి వీసా దరఖాస్తు రుసుము 2023 జూన్‌లో 185 డాలర్లుగా నిర్ణయింపబడింది. వీసా నిరాకరింపబడినా ఈ సొమ్ము తిరిగి రాదు. రెండవది నిల్వ చూపవలసిన ధనం. జర్మనీకి వెళ్ళే విద్యార్థి 2024 సెప్టెంబరు నాటి నిబంధన ప్రకారం 11,904 యూరోలు ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. ఇది ఖర్చు కాదు. నెలకు 992 యూరోల వంతున జీవనవ్యయానికి అతనికే అందుతుంది. మూడవది కాలాన్నిబట్టి పెరిగే రుసుము. బ్రిటన్‌లో విద్యార్థులకు ఆరోగ్య రుసుము 2024 ఫిబ్రవరి నుండి ఏడాదికి 776 పౌండ్లు. ఉండబోయే కాలమంతటికీ దీనిని ముందే చెల్లించాలి.

కార్మికుల విషయం వేరు. 1983 నాటి వలసల చట్టం క్రింద రూపొందిన నియమాల ప్రకారం నమోదైన ఏజెంటు తీసుకోదగిన సేవారుసుము 30,000 రూపాయలకు మించరాదు. దానిపై నూటికి 18 వంతు పన్ను 5,400 రూపాయలు. పాస్‌పోర్టుకు 1,500, ప్రవాసీ భారతీయ బీమాకు రెండేళ్ళకు 275 రూపాయలు. వెరసి 37,175 రూపాయలు. వైద్యపరీక్షల ఖర్చు వేరు. సౌదీ అరేబియా కార్మికచట్టం 40వ అధికరణం నియామక వ్యయాన్ని, ఇకామా రుసుమును యజమానిపైనే ఉంచింది. అటువంటప్పుడు 'వీసా వెల' అంటూ దళారి లక్షరూపాయలు అడిగితే అది దేనికో ప్రశ్నించాలి. 'ఆజాద్ వీసా' పేరిట ఒకరి అనుమతిపై వెళ్ళి మరొకరి వద్ద పనిచేయడం నేరం. అందులో ఇకామా భారం కూడా కార్మికునిపైనే పడుతుంది.

వడ్డీని కూడా పద్దులో చేర్చాలి. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి లక్షరూపాయలు తెచ్చినవాడు రెండేళ్ళలో 48,000 రూపాయలు వడ్డీగానే చెల్లిస్తాడు. అసలు అట్లే మిగిలి ఉంటుంది.

మరొక విషయం గమనించాలి. పదవ తరగతి ఉత్తీర్ణులకు గల్ఫు ప్రయాణానికి వలసల అధికారి అనుమతి అవసరం లేదు. ఇది సౌకర్యమే. అయితే వారి ఒప్పందపత్రాన్ని ఆ అధికారి పరిశీలించడు. కావున జీతం, పని, ఇకామా రుసుము ఎవరిదన్న సంగతి వారే చదివి తెలుసుకోవాలి. ఏజెంటు నమోదును 'ఈ-మైగ్రేట్' జాబితాలో సరిచూడాలి. చెల్లించిన ప్రతి పైకానికి రసీదు పొందాలి. రూపాయి మారకపు విలువ తగ్గవచ్చును గనుక కొంత సొమ్ము అదనంగా ఉంచుకోవాలి.

మంచమున్నంతవరకే కాళ్ళు చాపుకోవాలన్నారు పెద్దలు. విదేశయానానికి కూడా ఈ మాట వర్తిస్తుంది.

అర్థాలు:
ఎల్ల = హద్దు
రుసుము = చెల్లించవలసిన నిర్ణీత ధనం
వెరసి = మొత్తం కలిపి
పైకం = డబ్బు

ప్రశ్నలు:
1. వీసాకు, నివాసానుమతికి గల భేదాన్ని తెలుపండి.
2. వ్యయాలలోని మూడు విధాలను సోదాహరణంగా వివరించండి.
3. పదవ తరగతి ఉత్తీర్ణులు అదనంగా జాగ్రత్త వహించవలసిన కారణమేమి?
4. మీ ఊరి నుండి విదేశానికి వెళ్ళదలచిన ఒకరికి వ్యయపట్టిక తయారుచేయండి.